గొంగడి కింద పిండి

చలి వెనక్కి తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. ఆ పొద్దున మా ఊరి అంగన్‌వాడీలో పిల్లలకు ఉడకబెట్టిన గుడ్లు ఒలిచి ఇస్తున్నాను. మా ఎదురింటి వదిన చెప్పులైనా వేసుకోకుండా ఉరికొచ్చి గుమ్మంలో నిలబడింది.

“మీ అత్తమ్మ ఎండకు కూసున్నది కూసున్నట్టే ఉన్నది. ఎంత పిలిచినా పలుకుతలేదు. జర జల్ది రా.”

చేతిలోని గుడ్డు ఆయమ్మకిచ్చి బయల్దేరాను. మా ఇల్లు పక్క వీధిలోనే. అత్తమ్మ ఇంటి ముందు గోడకు వీపు ఆనించి పీట మీద కూర్చుని ఉంది. చేతులు ఒడిలో ఉన్నాయి. ఎండ పాదాల మీద నుంచి ఒడి దాకా వచ్చింది. పక్కనున్న చాయ్ గ్లాసులో అడుగున కొంచెం మిగిలి ఉంది. ఎవరో పిలిస్తే వినడానికి తల పక్కకు వంచినట్టుగా ఉంది ముఖం. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఎండ తగిలి చెయ్యి వెచ్చగానే ఉంది. అందుకే నాకు చాలాసేపు అర్థం కాలేదు.

మా ఆయన కరెంటు లైన్‌మన్. ఆ రోజు పక్క ఊళ్లో పని. ఫోన్ ఎత్తగానే ముందు, “కిందున్నవా, స్తంభం మీదున్నవా?” అని అడిగాను. “కిందనే ఉన్న. ఏమైంది?” అన్నాడు. అప్పుడు చెప్పాను.

మా అత్తమ్మ గొప్ప మనిషి అని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆ మాట వింటే ముందు ఆమే నవ్వేది. ఆమె రొట్టెలు చేసేది. మర్రిగూడ దగ్గర, వాన మీద ఆశ పెట్టుకుని సాగే ఒక చిన్న ఊళ్లో, బట్టీ లేదు, మిషను లేదు, ఇసుక పోసిన గిన్నెలో పెట్టి, బేకరీవాళ్లు చేసే మెత్తటి రొట్టె చేసేది. ఆ రొట్టె మా ఇంట్లో ఏం పని చేసిందో మీకు చెప్పాలని ఉంది.

మా పుట్టిల్లు హుజూర్‌నగర్ వైపు. కాలువ నీళ్లు పారే ఊరు, వరి పండించే ఇల్లు. నల్లగొండలో డిగ్రీ చదివేటప్పుడు మా ఆయనతో పరిచయమైంది. వాళ్లది క్రైస్తవ కుటుంబం. వాళ్ల తాతలు ఊరి చివర వాడలో ఉండి, సొంతంగా గుంట భూమి లేక, ఇతరుల పొలాల్లో పని చేసినవాళ్లు. మా ఊళ్లో కూడా అలాంటి వాడ ఉంది. అక్కడి నుంచి వచ్చినవాళ్లు మా వాకిట్లో నిలబడి మాట్లాడి వెళ్లిపోయేవారు. మా గడప దాటి వాళ్లలో ఎవరైనా లోపలికి రావడం నేను చిన్నప్పుడు చూడలేదు. ఎందుకని అడిగిన గుర్తు కూడా లేదు.

నేను పెళ్లి మాట చెప్పిన రోజు మా నాయిన అరవలేదు, చెయ్యెత్తలేదు. “పోతే మల్ల రాకు” అన్నాడు, అంతే. తెలంగాణ వచ్చిన కొత్తలో సంగతి ఇది. మేము రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి చేసుకున్నాం. ఒక బ్యాగుతో ఈ ఊరికి వచ్చాను.

పుష్యమాసపు సాయంత్రం అది. బస్సు దిగి నడిచేసరికే చెవులు చల్లబడ్డాయి. అత్తమ్మ వాకిట్లో పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేచింది. లేవడానికి ఆమెకు కొంచెం సమయం పట్టింది. అప్పటికే నడుము వంగింది. నన్ను కిందికీ మీదికీ చూడలేదు, కులం అడగలేదు, మీ వాళ్లు ఏమన్నారని అడగలేదు.

“పొద్దుగాల ఏం తిన్నవు బిడ్డా?” అన్నది.

“ఆకలైతలేదు” అన్నాను.

ఆమె బలవంతం చేయలేదు. పొయ్యి మీద పెద్ద గిన్నె ఉంది. దాని మూత మీద నిప్పులు పరిచి ఉన్నాయి. పట్టకారుతో మూత ఎత్తి పక్కన పెట్టింది. ఆ వాసన ఎట్లా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. వెచ్చటి పాలు, కాలిన పిండి, కొంచెం పులుపు కలిసిన వాసన. లోపలి నుంచి రొట్టె తీసి, బట్టలో చుట్టి కొంచెం చల్లారనిచ్చింది. తర్వాత చేత్తోనే తుంచి, గ్లాసెడు పాలతో నా ముందు పెట్టింది.

మా ఇంట్లో రొట్టె అంటే జొన్నరొట్టె. బ్రెడ్డు అంటే జ్వరం. జ్వరమొస్తేనే నాయిన అంగడి నుంచి బ్రెడ్డు పాకెట్టు తెచ్చేవాడు, పక్కన కూర్చుని పాలల్లో ముంచి తినిపించేవాడు. అది గుర్తొచ్చి, “మా ఇంట్ల జరమొస్తేనే గిది పెడ్తరు” అన్నాను. అంటుండగానే ఏడుపొచ్చింది.

“గిదిగూడ జరమే బిడ్డా” అన్నది అత్తమ్మ. “ఇల్లిడిసి వచ్చిన జరం. తగ్గుతది. జర దినాలు పడ్తది.”

నేను ఏడుస్తూనే తిన్నాను. ఆమె ఊరుకో అనలేదు. గ్లాసు ఖాళీ అయితే మళ్లీ పాలు పోసింది.

ఆ తర్వాత నెమ్మదిగా ఆమె కథ తెలిసింది. మా మామ పోయినప్పుడు మా ఆయనకు ఇంకా మాటలు సరిగా రాలేదట. అత్తమ్మ బిడ్డను చంకన వేసుకుని, క్రైస్తవ మిషనరీల హాస్టల్లో వంటమనిషిగా చేరింది. అక్కడ వయసు మళ్లిన ఒక మేట్రన్ ఉండేది. ఆమె దగ్గర రొట్టె నేర్చుకుంది. హాస్టలు మూతపడ్డాక ఊరికి తిరిగొచ్చేటప్పుడు తనకు కావాలని అడిగి తెచ్చుకున్నవి రెండే: రొట్టె పెట్టే రేకు డబ్బా, నిప్పులు తీసే పట్టకారు.

హాస్టల్లో పిల్లలు ఆకలి మీద ఏదైనా అడిగితే ఎలా ఉండేవారో, అన్నం తిన్నాక ఎలా ఉండేవారో ఆమె చూసింది. అందుకే ఎవరు ఏ బాధతో వచ్చినా, “ముందుగాల తిననియ్యి, తర్వాత అడుగు” అనేది. మా ఇంట్లో కొట్లాటలు కూడా ఆ మాటతోనే ఆగేవి. నేనూ మా ఆయనా గొంతులు పెంచుకుంటే, మధ్యలో పళ్లెం పెట్టి వెళ్లిపోయేది. తింటూ అరవడం కష్టం.

శనివారం రొట్టె రోజు. తెల్లారకముందే ఈత వనం వైపు నడిచేది, కల్లు కోసం. నేను వచ్చిన కొత్తలో అది చూసి కంగారు పడ్డాను. చర్చిలో ముందు వరుసలో కూర్చునే మనిషి, పొద్దున్నే కల్లు లొట్టి కింద చెంబు పట్టుకుని నిలబడుతుందేమిటని. ఆమె చుక్క కూడా తాగేది కాదు. రొట్టె పొంగడానికి ఈస్టు దొరకని కాలంలో మేట్రన్ నేర్పిన పద్ధతి అది. అప్పుడే దించిన కల్లు పిండిలో పోసి పిసికితే పిండి తనంతట తనే పొంగుతుంది. తర్వాత అంగట్లో ఈస్టు దొరికినా ఆమె మార్చలేదు. కల్లు గీసే తాత, “నీ రొట్టె తాగుబోతు రొట్టె చెల్లె” అని నవ్వేవాడు. “నువ్వు తిన్నప్పుడు తూలలేదు గదనే అన్నా” అని ఈమె అనేది. ప్రతి శనివారం ఆయనకొక ముక్క పోయేది.

పిసికిన పిండిని సత్తు గిన్నెలో పెట్టి, పైన తడిబట్ట వేసి, దాని మీద గొంగడి కప్పేది. మా మామది ఆ గొంగడి. చలిలో పిండి పొంగదు, దానికీ వెచ్చదనం కావాలి. పిల్లాడిని పడుకోబెట్టినట్టు అంచులు లోపలికి దోపి, “దాన్ని తొందర పెట్టొద్దు” అనేది. నేను మధ్యమధ్యలో గొంగడి ఎత్తి చూస్తే కోప్పడేది. “నిన్ను గట్ల ఎవలన్న నిద్రల లేపి చూస్తే మంచిగుంటదా?”

మధ్యాహ్నానికి పిండి గిన్నె అంచు దాకా వచ్చేది. అప్పుడు పెద్ద గిన్నెలో ఇసుక పోసి పొయ్యి మీద పెట్టేది. ఇసుక కాగిందో లేదో చూడటానికి చిటికెడు పిండి వేసి రంగు గమనించేది. పిండి నల్లబడితే మంట తగ్గించేది. పిండి ఉన్న రేకు డబ్బాను ఇసుక మీద పెట్టి, గిన్నెకు మూత పెట్టి, మూత మీద నిప్పులు పరిచేది. కింద నుంచీ పై నుంచీ సమానంగా కాలాలి. ఆ కాసేపు ఎక్కడికీ కదిలేది కాదు. ఎవరైనా పిలిస్తే కూర్చున్న చోటి నుంచే జవాబు.

క్రిస్మస్‌కు కేకు చేసేది. బత్తాయి తొక్కలు ఉడకబెట్టి, ఆ చేదు నీళ్లు పారబోసి, మళ్లీ ఉడకబెట్టి, బెల్లం పాకంలో వేసి ఎండబెట్టేది. అవి సన్నగా తరిగి కేకులో కలిపేది. మా వైపు బత్తాయి తోటలు ఎక్కువ కాబట్టి తొక్కలకు కొదవ లేదు. పండగ దాటి, చలి సన్నగిల్లి, ఈస్టర్‌కు ముందు ఉపవాసాలుండే శ్రమల దినాలు మొదలైతే పాలు, చక్కెర, గుడ్డు అన్నీ బంద్. ఉప్పు రొట్టె ఒక్కటే. మోదుగు పూలు పూసే వేళకు ఈత కల్లు తగ్గి తాటి కల్లు వచ్చేది, రొట్టె పులుపు మారేది. ఒక శనివారం పిండి మీద గొంగడి వేయకుండా ఉత్త బట్ట కప్పి ఊరుకునేది. గొంగడిని ఎండలో దులిపి, వేపాకు వేసి మడిచి, పెట్టెలో పెట్టేది. మా ఇంట్లో చలికాలం ముగిసేది ఆ రోజే.

నెలకొకసారి చర్చిలో అందరికీ రొట్టె విరిచి పంచే సంస్కారానికి రొట్టె ఆమెదే. పాదిరి గారు దాన్ని విరుస్తున్నప్పుడు ఆమె తల వంచుకుని ఉండేది. నేను క్రైస్తవురాలిని కాలేదు, ఆమె కమ్మని అడగలేదు. ఆదివారాలు ఆమె పక్కన కూర్చునేదాన్ని. శివరాత్రికి నేను ఒక్కపొద్దు ఉంటే సాయంత్రం ఆమే గెనుసుగడ్డలు ఉడకబెట్టేది.

మాకు పాప పుట్టి, దానికి నడక వచ్చిన ఏడాది, చలికాలంలో మా తమ్ముడి నుంచి ఫోన్ వచ్చింది. పెళ్లయ్యాక అదే మొదటిసారి.

“నాయినకు పక్షవాతం వచ్చింది. సూర్యాపేట దవాఖానల ఉన్నడు. నువ్వొక్కదానివే రా.”

ఒక్కదానివే అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మా ఆయన ముఖం కూడా చిన్నబోయింది. అత్తమ్మ మాత్రం నా చీరలు బ్యాగులో సర్దడం మొదలుపెట్టింది.

“పో బిడ్డా. ఒక్కదానివే పో. గిప్పుడు మాటలు ఎంచుకుంట కూసుంటరా?”

నాయిన కుడి పక్కంతా పడిపోయింది. మాట పోయింది. నన్ను చూసి కళ్లలో నీళ్లు తిరిగాయి కానీ, అవి నా మీద కోపానివో, ప్రేమవో, తన బాధవో నాకు తెలియలేదు. కొన్ని రోజులకు ఇంటికి తీసుకొచ్చారు. అన్నం గొంతు దిగడం లేదు. గంజి పోస్తే పక్కకు కారిపోతోంది. మనిషి రోజురోజుకూ తగ్గిపోతున్నాడు.

నేను తిరిగొచ్చి ఈ సంగతి చెబితే, అత్తమ్మ ఆ శనివారం మామూలుగా కాకుండా పాలు పోసి, వెన్న వేసి, మరీ మెత్తగా ఒక రొట్టె చేసింది. “పాలల్ల నానవెడితే నోట్లె పెట్టంగనే కరుగుతది” అన్నది. తెల్ల బట్టలో చుట్టి ఇచ్చింది. నాకు తీసుకెళ్లాలంటే భయమేసింది. ఆమెకు తెలిసింది. “పెట్టనిస్తే పెట్టు. లేకుంటే తొవ్వల నువ్వే తిను” అన్నది.

మా అమ్మ ఆ మూట విప్పి, “ఏ అంగట్ల కొన్నవే?” అని అడిగింది.

“మా అత్తమ్మ చేసింది.”

అమ్మ మళ్లీ మూట కట్టి గూట్లో పెట్టింది. సాయంత్రం గంజి కూడా కారిపోయాక, లేచి గూట్లోంచి రొట్టె తీసింది. పాలల్లో నానబెట్టి చెంచాతో పెట్టింది. నాయిన మింగాడు. ఇంకో చెంచా మింగాడు. అమ్మ నా వైపు చూసి, నోటి మీద వేలు పెట్టుకుంది. చెప్పొద్దని.

ఆ తర్వాత ప్రతి వారం రొట్టె తీసుకెళ్లాను. నాయిన తింటున్నాడు, ముఖంలో కొంచెం కళ వచ్చింది. అత్తమ్మకు ఆ సంగతి చెప్పినప్పుడు సంతోషపడుతుందనుకున్నాను. ఆమె మొదట సంతోషపడింది కూడా. తర్వాత అడిగింది.

“గా రొట్టె ఎవలు చేసిన్రో ఆయనకు ఎరుకేనా?”

నేను రొట్టె చుట్టిన బట్ట మడతపెట్టసాగాను.

“చెప్పలేదా?”

“చెప్తే తినడేమో అత్తమ్మా.”

ఆమె చేతులు తుడుచుకుని నా ఎదురుగా కూర్చుంది. “గట్లయితే ఇంగ పంపను బిడ్డా.”

నాకు దుఃఖం, కోపం రెండూ వచ్చాయి. “తింటున్న మనిషి. గిప్పుడు ఆపుతవా?” అన్నాను.

“మాట పడిపోయిన మనిషి. వద్దు అనెటందుకు గూడ నోరు లేదు. అసుంటాయనకు తెల్వకుంట పెట్టుడు మంచిదా చెప్పు? నా చేతి తిండి తింటడో తినడో ఆయన ఇష్టం. గా ఒక్క ఇష్టం గూడ మనం గుంజుకుంటమా?” నెమ్మదిగా అన్నది: “నాకు గూడ మంచిగనిపిస్తలేదు బిడ్డా. మా అవ్వోళ్లు అందరి వాకిండ్లల్ల దూరం నిలవడే తిన్నరు. నేను చేసిన రొట్టె గూడ పేరు దాసుకోని పోవాల్నా?”

ఇన్నేళ్లలో ఆమె ఆ సంగతి ఎత్తడం అదే మొదటిసారి, చివరిసారి కూడా.

ఆ వారం రొట్టె తీసుకుని వెళ్లాను. నాయిన మంచం పక్కన కూర్చుని, ఆయన ఎడమ చెయ్యి పట్టుకుని చెప్పాను. “నాయినా, ఇన్ని దినాల సంది నువ్వు తింటున్న రొట్టె మా అత్తమ్మ చేసింది. ఆమె నీకు చెప్పి పెట్టుమన్నది. వద్దంటే వద్దన్నది.”

ఆయన నన్నే చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. అమ్మ చెంచా పెట్టబోతే పెదవులు బిగించాడు.

అమ్మ నన్ను బయటికి లాక్కొచ్చి, “ఆయన నోటికాడి తిండి తీసినవ్. నీకు ఎవలు చెప్పుమన్నరే?” అని ఏడ్చింది. తమ్ముడు నాతో మాట్లాడలేదు. ఆ మూట అట్లాగే గూట్లో వదిలి వచ్చేశాను. దారంతా ఏడ్చాను. అత్తమ్మ మీద కూడా కోపం వచ్చింది, దాచను.

ఆమె నేను చెప్పిందంతా బియ్యంలో రాళ్లు ఏరుతూ విన్నది. “సరే. అడిగినం, చెప్పిండు” అన్నది. “బాధపడకు. వద్దని చెప్పే హక్కు ఆయనకు ఉన్నది గద.” మళ్లీ శనివారం వచ్చింది. ఆమె మామూలుగానే పిండి పిసికింది. కానీ ఆ సాయంత్రం ముక్క నోట్లో పెట్టుకోకుండా, తల నొప్పి అని త్వరగా పడుకుంది. ఆమెకు ఎంత నొప్పి కలిగిందో నాకు అప్పుడు తెలిసింది.

ఎండలు కొంచెం ముదిరాయి. పిండి మీద గొంగడి తీసేసిన వారమే తమ్ముడి ఫోన్ వచ్చింది.

“అక్కా, నాయిన పొద్దట్నుంచి గూడు దిక్కు చెయ్యి చూపిస్తుండు. నీళ్లా అంటే కాదంటుండు, మందా అంటే కాదంటుండు. అమ్మకు అర్థమైంది. రొట్టె తీస్కరా.” గొంతు సవరించుకుని మళ్లీ అన్నాడు: “మీ అత్తమ్మను గూడ తోలుకరమ్మంటుంది అమ్మ.”

నేను ఫోన్ పెట్టేసి చెబితే, అత్తమ్మ నమ్మలేదు. “నన్నా? నిజంగ నన్ననే అన్నదా?” అని మళ్లీ మళ్లీ అడిగింది. తర్వాత పెట్టెలోంచి చర్చికి కట్టుకునే తెల్ల చీర తీసింది. ఆలోచించి, అది పెట్టేసి, ఆకుపచ్చ చీర కట్టుకుంది. జబ్బు మనిషి ముందుకు తెల్ల చీరతో పోవద్దని.

నల్లగొండ దాకా ఒక బస్సు, అక్కడి నుంచి మిర్యాలగూడ మీదుగా ఇంకోటి. వంగిన నడుముతో బస్సు మెట్లు ఎక్కడం ఆమెకు కష్టం. మా వైపు ఫ్లోరైడు ఉన్న బోరు నీళ్లు తాగి కీళ్లు బిగుసుకుపోయినవాళ్లలో ఆమె ఒకరు. కృష్ణ నీళ్లు నల్లాల్లోకి వచ్చేసరికి ఆలస్యమైపోయింది. దారి పొడవునా రొట్టె మూట ఒడిలోనే పెట్టుకుంది. నన్ను పట్టుకోనివ్వలేదు.

మా ఇంటి ముందుకొచ్చాక ఆమె వాకిట్లో ఆగిపోయింది. చెప్పులు విడిచి, మూట రెండు చేతులతో పట్టుకుని, అక్కడే నిలబడింది. మా ఊళ్లో వాడవాళ్లు నిలబడే చోట. నేను రమ్మన్నా కదల్లేదు. పిలవాల్సింది నేను కాదు.

మా అమ్మ బయటికొచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అమ్మ నాలుగు మాటలు అనుకుని వచ్చినట్టుంది, ఒక్కటీ బయటికి రాలేదు. చివరికి అత్తమ్మ చెయ్యి పట్టుకుని, “లోపటికి రా వదినా” అన్నది.

నాయినను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టారు. అత్తమ్మ మంచం దగ్గరికి వెళ్లి, “బాగున్నరా అన్నా?” అన్నది. ఆయన ఆమె వంగిన నడుమును, మోచేతుల దగ్గర సాగని చేతులను చూశాడు. మూటను చూశాడు. అమ్మ రొట్టె నానబెట్టి తెస్తే నోరు తెరిచాడు. గిన్నె సగం అయ్యాక ఆయన చెంచాను పక్కకు నెట్టాడు. ఎడమ చేతి వేళ్లు కూడగట్టి తన నోటి దగ్గరికి తీసుకెళ్లి, ఆ చేతినే అత్తమ్మ వైపు చూపించాడు. మాకు అర్థం కాలేదు. మళ్లీ అట్లాగే చేశాడు, ఈసారి కొంచెం విసుగ్గా.

అమ్మ చటుక్కున లేచింది. “తిన్నదా అని అడుగుతుండు” అన్నది.

ఆ మధ్యాహ్నం మా ఇంటి నడిమింట్లో, మా అమ్మ వడ్డిస్తుంటే, మా పళ్లెంలో అత్తమ్మ భోంచేసింది. కొత్త చింతచిగురు వేసిన పప్పు, అన్నం, నెయ్యి. నాయిన మంచం మీది నుంచి ఆమె తినేదాకా చూశాడు. అత్తమ్మ ఏ ముద్దా తొందరపడకుండా, తల దించుకోకుండా తిన్నది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. రోడ్డు పక్కన ఆకు లేని మోదుగు చెట్లు ఎర్రగా పూసి ఉన్నాయి. ఏం ఆలోచిస్తోందోనని అడిగాను.

“మీ అమ్మ పప్పుల జర ఉప్పెక్కువేసింది” అన్నది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

ఆ ఎండాకాలం చివర్లో నాయిన పోయాడు. మా ఆయన పాడె మోశాడు, ఎవరూ ఏమీ అనలేదు. ఆ తర్వాత మా అమ్మకూ అత్తమ్మకూ స్నేహం ఎట్లా పెరిగిందో నేను గమనించనే లేదు. ఫోన్లో రోజూ మాట్లాడుకునేవారు. మోకాళ్ల నొప్పులు, పచ్చళ్లు, మనవరాలి పళ్లు ఊడటం, టీవీ కథలు. ఒక్కోసారి నేను మాట్లాడదామంటే, “ఆగే, మీ అత్తమ్మతోని ఒక ముచ్చట మిగిలింది” అని అమ్మ అనేది.

ఈ చివరి ఏళ్లలో అత్తమ్మ చేతులు పిండి పిసకడానికి లొంగలేదు. నేను పిసుకుతుంటే పక్కన పీట వేసుకుని కూర్చునేది. “నీ చేతులకు తొందరెక్కువ” అనేది. మా ఆయన నల్లగొండ నుంచి కరెంటు ఓవెన్ తెచ్చాడు. ఆమె దాన్ని వద్దనలేదు. అద్దంలోంచి రొట్టె పొంగడం కనిపిస్తుంటే పాపను పక్కన కూర్చోబెట్టుకుని వింతగా చూసేది. “గింత ముద్దుగ పొంగుతదా లోపట! ఇన్నేండ్లు మూత వెట్టి చూడనే లేదు” అని ఒకరోజు అన్నది. నా రొట్టె ఆమె రొట్టెలా ఎన్నడూ రాలేదు. ఆమె మాత్రం ప్రతిసారీ ఒక ముక్క తిని, “మంచిగున్నది” అని, ఇంకో ముక్క అడిగేది.

మొన్నటి చలికాలమంతా ఆమె ఎండను వెతుక్కుంటూ గడిపింది. పొద్దున తూర్పు గోడ దగ్గర, మధ్యాహ్నం అరుగు మీద, సాయంత్రం ఇంటి వెనక. పీట ఎక్కడుందో చూస్తే టైమెంతైందో తెలిసేది. పోయే ముందు రోజు కూడా ఏ బాధా చెప్పలేదు. “ఎండ జర తియ్యగున్నది ఇయ్యాల” అన్నది, అంతే.

కబురు తెలియగానే మా అమ్మ ఒక్కతే బస్సులో వచ్చింది. అత్తమ్మ తల దగ్గర కూర్చుని, “నాకు చెప్పకుంటనే పోయినవా వదినా” అని ఏడ్చిన ఏడుపు చూసి వాడలో వాళ్లంతా ఏడ్చారు. ఆ తర్వాత అమ్మ వెళ్లిపోలేదు, ఉండిపోయింది. నాకు ఏదీ తినబుద్ధి కాకపోతే చారు కాచి, అన్నం మెత్తగా పిసికి, పాపకూ నాకూ ఒకే పళ్లెంలో కలిపి పెట్టింది. మేమిద్దరం నోరు తెరిచి తిన్నాం. నేను అమ్మ చేతి ముద్ద తిని ఎన్నేళ్లయిందో.

ఆ ఆదివారం చర్చిలో రొట్టె విరిచే సంస్కారం. రొట్టె చేయడానికి నాకు చేతులు రాలేదు. పాదిరి గారు అంగడి నుంచి తెప్పించారు. కాగితం విప్పి ముక్కలు తీస్తుంటే ఎవరో వెనక వరుసలో వెక్కారు. ఆయన ప్రార్థన కొనసాగించారు. అందరం తీసుకున్నాం. నేను కూడా, మొదటిసారి, చెయ్యి చాచాను. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

అక్కడి నుంచి నేనూ అమ్మా సమాధుల దగ్గరికి నడిచాం. ఊరి బయట ఎర్ర చల్క నేల అది. పక్కనే ఆఖరి ఏరివేత అయిపోయిన పత్తి చేను. కట్టెకు అక్కడక్కడా మిగిలిన పత్తిని గాలి పీకి తెస్తోంది. అత్తమ్మ మట్టి ఇంకా కొత్తగా, ఎర్రగా ఉంది. వేసిన బంతిపూలు వాడిపోయాయి. వాటి మధ్య తెల్లటి పత్తి పింజ ఒకటి వచ్చి చిక్కుకుని గాలికి అటూ ఇటూ కదులుతోంది. అమ్మ కొంగు సర్దుకుని, దాన్ని తీసేద్దామని వంగింది. చెయ్యి దగ్గరిదాకా పోనిచ్చి, ఏమనుకుందో, తీయకుండా లేచి నిలబడింది.